బండి శబ్ద విచారము



మన వార్షిక మహాసభల సంచికలలో రథమును గూర్చియు, రథకారుని గూర్చియు, దేవశిల్పియగు విశ్వకర్మను గూర్చియు వ్యాసములు వెలువడుట పరిపాటి. అవి యుండదగినవే. కాని ఓరుగంటి సీమయందు మన తాతముత్తాతలు ఊరూర కొలిమి చెంతను, చెట్టు నీడను కూర్చుండి చేసినదేమి యని విచారించినచో, రథమును చేసినవారు మిక్కిలి కొలదిమంది. నాగలిని, బండిని చేసినవారే తక్కిన వారందఱును. రథము దేవునికి, రాజునకు. బండి కాపునకు, వర్తకునకు, పెండ్లివారికి, పురిటికై పుట్టింటికి పోవు ఆడుబిడ్డకు. దేశమునకు కూడు మోసినది బండి. అట్టి బండికి ఈ సంచికలో కొంత తావు కోరుచు, ఆ పేరు పుట్టుకను, దాని యర్థవిస్తారమును, దానియెడ మనకు గల విధిని యథాశక్తి విన్నవించుకొనుచున్నాను.

సంస్కృతమున వాహనవాచకములకు కొదువ లేదు. 'వాహనము' వహ్ ధాతువునుండి కలిగినది. మోయుటకు సాధనమైనది యని యర్థము. ఈ యొక్క మాటయందు పాణిని చూపిన సూక్ష్మదృష్టి మెచ్చదగినది. చెఱకు నెత్తిన బండిని 'ఇక్షువాహణ'మని ణకారముతోను, ఒకనికి సొంతమైన బండిని 'దాక్షివాహన'మని నకారముతోను పలుకవలెనని ఆయన విధించెను. బరువు నెత్తిన బండి వేఱు, సొత్తుగా నున్న బండి వేఱు. ఆ భేదము ఒక్క యక్షరమున తెలియుచున్నది. 'రథము'నకు యాస్కుడు నిరుక్తమున ఒకటికంటె నెక్కువ వ్యుత్పత్తులను చెప్పెను. అందు మొదటిది పోవుట యను నర్థము గల ధాతువును బట్టినది. 'శకటము' శక్ ధాతుజన్యమని వైయాకరణుల మతము. భారమును మోయ శక్తి గలది యని తాత్పర్యము. అమరసింహుడు 'అనస్సు', 'శకటము' అను రెంటిని పర్యాయములుగ పఠించి, 'గంత్రి'ని వేఱుగ చెప్పెను. ఋగ్వేదమునందును రథము వేఱు, అనస్సు వేఱు. మొదటిది గుఱ్ఱములను పూన్చి యుద్ధమునకును పందెమునకును తోలునది. రెండవది బరువుల నీడ్చునది. స్తోత్రములలో రథమునకు దక్కిన పాలు అనస్సునకు దక్కలేదు. మోయువానికంటె నెక్కువానికే కీర్తి యెక్కువగుట ఆనాటినుండియు నున్నదే.

ఇన్ని మాటలు చేతనున్నను, తెలుగువాడు నిత్యము నోట ననునది వీనిలో నొకటియు కాదు. 'శకటము' పండితుని మాట. 'రథము' గుడి మాట. 'వాహనము' కచేరి మాట. పొలమునకు పోవువాడు కట్టునది బండి. అయినచో ఈ 'బండి' ఎచటనుండి వచ్చినది?

మనలో సంస్కృతము చదివిన వారికి ఒక యలవాటు కలదు. ప్రతి మాటకును గీర్వాణమున నొక ధాతువును చూపినగాని ఆ మాటకు గౌరవము కలుగదని తలచెదము. ఆ త్రోవను పోయి కొందఱు, చెక్కలను బంధించి చేసినది గనుక 'బంధ' శబ్దమునుండి బండి యైనదందురు. ఇది కుదరదు. 'బంధము' తెలుగున వికృతినొంది 'బందము' అగును. దంత్యమైన దకారము అకారణముగ మూర్ధన్యమైన డకారముగ మాఱదు. చెఱపట్టబడిన 'బందీ'కిని దీనికిని పలుకుబడియందు కొంత పోలికయే గాని చుట్టరికము లేదు. స్తుతిపాఠకుడగు 'వంది'యు నంతియే. ఇక సరకునకు పేరైన 'భాండ' శబ్దమునుండి, సరకును మోయునది గనుక, బండి యైనదను వాదమొకటి కలదు. ఇది తక్కిన రెంటికంటె బలమైనది. తమిళమున సరకును 'పండము' అనుటయు దీనికి తోడ్పడుచున్నది. కాని సంస్కృత కోశకారులు బండికి పెక్కు పేర్లను చెప్పియు, భాండశబ్దభవమైన పేరు నొక్కటియు అందు చేర్చలేదు. సంస్కృతము తన యింట నెఱుగని పేరును మనము దాని యింటిపేరుగ చెప్పుట యెట్లు?

మన చుట్టుపట్ల భాషలను చూచినచో దారి తెలియును. తమిళమునను మలయాళమునను 'వండి'. కన్నడమునను తుళువునను తెలుగునను 'బండి'. తమిళమున 'పండి' యను రూపమును కలదు. అంతియేగాక ప్రాచీన తమిళమున 'పాండిల్' అను మాట యొకటి యున్నది. దానికి గుండ్రనిది, రెండు చక్రముల బండి, ఎద్దు అను నర్థములు కలవు. సరకునుండి పేరు పుట్టినదన్నచో ఈ గుండ్రదనమునకును ఎద్దునకును సంగతి కుదరదు. గుండ్రని చక్రమునుండి పుట్టినదన్నచో కుదురును. మొదట గుండ్రనిది, పిదప చక్రము గలది, పిదప దానిని లాగునది — ఇట్లు అర్థము సాగెనని యూహించుట యుక్తము.

ఇచట నక్షరముల విషయమున నొక చిక్కు కలదు, దానిని దాచరాదు. తమిళమున వకారము మొదట గల మాటలు కన్నడమున బకారాదులగుట నియమము. తెలుగున వకారము నిలుచును. తమిళమున 'వేర్', తెలుగున 'వేరు', కన్నడమున 'బేరు' అనుట దీనికి నిదర్శనము. ఆ లెక్కను తెలుగున 'వండి' యని యుండవలసినది. 'బండి' యని యున్నది. కావున ఈ మాట కన్నడసీమ మీదుగ మనకు వచ్చియైన నుండవలెను, లేక పకారాదియైన ప్రాచీనరూపమే తెలుగున బకారాది యైనను కావలెను. తమిళమున 'పండి', 'పాండిల్' అను రూపములు నిలిచియుండుటచేత రెండవ పక్షమే నాకు సమంజసముగ తోచుచున్నది. ఏ త్రోవను వచ్చినను ఇది దక్షిణాపథపు మాట. మన భాషాకుటుంబపు సొమ్ము. బరో, ఎమెనో అను పండితులు 1961లో ప్రకటించి, 1984లో సవరించి మరల ముద్రించిన ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువు ఇట్టి సోదరరూపముల నొక్కచోట చేర్చి చూపు మహాగ్రంథము. ఆసక్తి గలవారు చూడదగును.

తెలుగు వ్యాకరణమును ఈ పక్షమునకే తోడ్పడుచున్నది. తత్సమమైన 'నాడి' బహువచనమున 'నాడులు' అగును. 'బండి' యన్ననో 'బండ్లు' అగును. ఇది అచ్చతెనుగు మాటల నడక. 'మూరెడు, బారెడు, చేరెడు' అన్నట్లు 'బండెడు' అనియు నందుము. బండెడు గడ్డి, బండెడు కట్టెలు, బండెడు పెంట — బండి మోయు వస్తువేగాక కొలుచు మానము కూడ నైనది. కొలతగ మాఱిన మాట జనుల జీవనమున ఎంతకాలము నానినదో వేఱుగ చెప్పనేల?

ఇచట మన పూర్వులకు సంబంధించిన యొక శాస్త్రవిచారమును స్మరింపవలసియున్నది. బ్రాహ్మణునకు వసంతమున, క్షత్రియునకు గ్రీష్మమున, వైశ్యునకు శరత్తున విధింపబడిన అగ్న్యాధానము, రథకారునకు వర్షర్తువున విధింపబడినది. ఆ రథకారుడెవడను ప్రశ్నమును జైమిని మహర్షి పూర్వమీమాంస ఆఱవ అధ్యాయపు మొదటి పాదమున విచారించెను. అవయవార్థమును బట్టి చూచిన, రథమును చేయువాడెవడైనను, అనగా మూడు వర్ణములలో నెవడైనను ఆ వృత్తి నవలంబించినచో, రథకారుడే. కాని సిద్ధాంతమట్లు కాలేదు. లోకమున 'రథకార'మను పేర ప్రసిద్ధమైన జాతి యొకటి యున్నది గనుక ఆ మాట వారికే చెల్లునని నిర్ణయమైనది. శబరస్వామి వారిని సౌధన్వనులని చెప్పెను. ఋగ్వేదమున అశ్వినులకు రథమును నిర్మించిన ఋభువులు సుధన్వుని పుత్రులే గదా. ఈ నిర్ణయముచేత మనకు ఆధిక్యము కలిగెనా, న్యూనత కలిగెనా యను వాదమును నేనిట తలపెట్టను. దానిని గూర్చి మన పెద్దలు చాల వ్రాసినారు. నాకు కావలసినది ఆ యధికరణము నేర్పు న్యాయము. విడదీసి చెప్పు వ్యుత్పత్యర్థముకంటె లోకప్రసిద్ధమైన రూఢ్యర్థము బలీయము. మాట విలువ దాని ధాతువునందు లేదు. జనులు దానిని పట్టుకొని బ్రదికిన బ్రదుకునందున్నది.

ఈ న్యాయమును బండికి పట్టించి చూడుడు. బండి మొదట నెద్దులదే. కాలక్రమమున గుఱ్ఱపుబండి, ఒంటెద్దుబండి, గూడుబండి, సవారిబండి, తోపుడుబండి యని పెక్కు తెఱగులైనది. పిదప ఇనుపదారి వచ్చినది. నిజాము ప్రభుత్వపు రైలుమార్గము సికిందరాబాదునుండి తూర్పుగ సాగి, ఓరుగల్లు దాటి, 1889లో బెజవాడను చేరెను. కాజీపేటనుండి ఉత్తరముగ బల్హార్షా దారి 1929 నాటికి పూర్తియై మదరాసు, ఢిల్లీ పట్టణముల నొక్క త్రోవన కలిపెను. ఆ మహాయంత్రమును చూచిన తెలుగువాడు దానికి పేరు వెదకుకొనుటకై నిఘంటువును తెఱువలేదు. పొగను విడుచుచున్నది, చక్రములపై పోవుచున్నది. కావున 'పొగబండి' యన్నాడు. 'ధూమశకట'మని పండితులు వ్రాసిరి గాని ఆ పేరు కాగితము దాటి రాలేదు. 1932లో నిజాము రైల్వేవారి రోడ్డు రవాణాశాఖ 27 బస్సులతో మొదలైనది. అదియు 'మోటారుబండి' యైనది. నేడు రెండు చక్రముల మోటారును, నాలుగు చక్రముల కారును, సరకుల లారీని గూడ 'బండి' యనియే యనుచున్నారు. పడుచువాడు 'బండి తీయుము' అన్నచో ఎద్దులను విప్పవలసిన పని లేదు. తాళముచెవి త్రిప్పిన చాలును.

దొరలును ఈ మాటను మనయొద్దనుండియే తీసికొనిరి. చెన్నపురి రాజధానియందు ఆంగ్లేయులు తమ గుఱ్ఱపు వాహనములను గూడ 'బాండీ' యని వ్యవహరించిరి. యూలు, బర్నెలు అనువారు 1886లో ప్రకటించిన కోశమున ఆ మాట చోటు చేసికొని, తమిళ 'వండి', తెలుగు 'బండి' దాని మూలమని చెప్పబడినది. బ్రౌను దొర 1852 నాటి తన తెలుగు నిఘంటువున బండిని చక్రములు గల వాహన మాత్రమునకు పేరుగ చూపెను.

వస్తువులనుండి భావములకును మాట సాగినది. 'సంసారపు బండిని లాగుచున్నాము' అందుము. చెదరిన పని చక్కబడినచో 'గాడిలో పడినది' అందుము. ఆ గాడి బండిచక్రములు నేలను త్రొక్కి చేసిన గాడియే. ఓడలు బండ్లగుట, బండ్లు ఓడలగుట యను సామెత భాగ్యవిపర్యయమును చెప్పుటకు ఇంటింట వినబడును. 'బండి', 'బండ్ల' యనునవి యింటిపేర్లును అయినవి. సంస్కృత భాగవతమున 'శకట'మని యున్నది; కాని బమ్మెర పోతన్న పుట్టిన ఈ గడ్డపై అవ్వ మనుమనికి కథ చెప్పునపుడు, చిన్నికృష్ణుడు తన్నినది బండినే.

మన సీమలో భక్తికి గూడ బండియే వాహనము. మేడారమున సమ్మక్క సారలమ్మల జాతరకు బస్సులు రాకపూర్వము జనులు పోయినది యెడ్లబండ్ల మీదనే. పిల్లలు, వంటపాత్రలు, బియ్యము, బెల్లము అన్నియు బండిలోనే. ఐనవోలు మల్లన్న జాతరయందు గుడి చుట్టు త్రిప్పు నలంకృత వాహనమును జనులు 'పెద్దబండి' యందురు. దేవునికి కట్టినను బండి బండియే. పేరు మార్చి గౌరవింపవలసిన యక్కఱ వారికి తోచలేదు.

ఈ మాటకు కన్నీటి చరిత్రయు కలదు. నిజాము కాలమున తెలంగాణపు పల్లెలలో వెట్టి యను దురాచార ముండెను. అధికారులు వచ్చినచో కాపు తన బండిని, ఎడ్లను కూలి లేక పంపవలసి యుండెను. మన వడ్లవారును కమ్మరివారును దొరల గడులకు నాగళ్ళను, బండ్లను, తక్కిన కొఱముట్లను ఊరకయే చేసి యీయవలసి వచ్చెను. కాపులు కల్లముకడ నిచ్చు మేర గింజలతో కుటుంబము గడుపుకొనువానికి, ఒక నెల వెట్టి యనగా ఒక నెల పస్తు. ఆంధ్రమహాసభ వెట్టిని ఖండించినది. 1946 మొదలు 1951 వఱకు సాగిన రైతుల పోరాటమున బండ్ల బారును గూర్చిన పాట పల్లెపల్లెను మ్రోగినది. ఆ బండ్లను చేసిన చేతులు మనవని మన పిల్లలకు చెప్పవలదా?

ఇక బండిని చేయు నేర్పును గూర్చి రెండు మాటలు. మన కులమున అయిదు వృత్తులు: వడ్ల, కమ్మరి, కంచరి, కాసె, అవుసల. వీరిలో నిద్దఱు కూడినగాని బండి లేవదు. వడ్లవాడు తుమ్మమొద్దును తొలిచి నడిమి 'కుండ'ను చేయును. దానియందు 'ఆకులు' నాటును. ఆకుల కొనలపై వంకరచెక్కలగు 'పూటీల'ను కూర్చును. పండ్రెండాకుల చక్రమునకు, పూటికి రెండాకుల చొప్పున, ఆఱు పూటీలు. అపుడు కమ్మరి వచ్చును. ఇనుపపట్టాను చక్రపు చుట్టుకొలతకంటె రవంత తక్కువగ నతికి, పిడకలు పేర్చి యెఱ్ఱగ కాల్చును. కాలిన యినుము వ్యాపించును. నలుగురు పట్టుకార్లతో నెత్తి దానిని చక్రముపై దింపి, వెంటనే నీళ్ళు చల్లుదురు. ఇనుము చల్లారి, కుంచించుకొని, ఆకులను పూటీలను కుండను ఒక్కటిగ బిగించును. రవంత యెక్కువైన పట్టా జాఱును. రవంత తక్కువైన చక్రము విఱుగును. ఆ 'రవంత' యెంతయో ఏ గ్రంథమునను వ్రాసి లేదు. కమ్మరి కంటిలో నున్నది. మేకు లేకుండ, జిగురు లేకుండ, అగ్నియు నీరును కలిపి బిగించిన యీ చక్రమున మన కులపు ఐకమత్యమే మూర్తీభవించినదని చెప్పిన నతిశయోక్తి కానేరదు.

కుండ, ఆకు, పూటి, పట్టా, ఇరుసు, శీల, నొగ, కాడి, కందెన. చక్రమునకే మన పల్లెలలో 'గీర' యని పేరు, కావ్యభాషలో 'బండికల్లు'. ఈ మాటలను జాగ్రత్తగ వినుడు. నా మనవి యంతయు వీనిని గూర్చియే. 'బండి' యను మాటకు నేడు భయము లేదు. ఎద్దులు పోయినను ఆవిరికి, ఆవిరి పోయినను నూనెకు, రేపు విద్యుత్తునకు అంటుకొని యది బ్రదుకును. మనము దానిని కాపాడనక్కఱలేదు. అదియే తన్ను కాపాడుకొనును. కాని పూటికి అట్టి యదృష్టము లేదు. రబ్బరు చక్రమున పూటి లేదు, ఆకు లేదు. ఊరిలో కడపటి కొయ్యచక్రము పొయ్యిలోనికి పోయిన నాడు, దాని యవయవముల పేళ్ళును దానితోడనే కాలును. బండి మాట లోకమున కందఱిది. పూటి మాట మనది మాత్రమే. మనది గనుక మనము విడిచినచో పట్టువారు లేరు.

పట్టినచో ఫలమేమి యందురా? 'కందెన'ను చూడుడు. ఇరుసు అఱుగకుండ, చక్రము కిఱ్ఱుమనకుండ పూయు జిడ్డునకు బండివాడు పెట్టుకొన్న పేరది. నేడు తెలుగున శాస్త్రము చెప్పు పాఠ్యపుస్తకములలో యంత్రముల రాపిడిని తగ్గించు ద్రవ్యములన్నిటికిని 'కందెనలు' అనియే పేరు. బండివాని నోటి మాట బడిపిల్లవాని శాస్త్రపదమైనది. 'ఇరుసు'ను అట్లే మోటారు వాహనములకు చెల్లినది. ఎవరో యొకరు విని, వ్రాసి, అచ్చువేసినందుననే ఇది సాధ్యమైనది. ఆచార్య భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వమున ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమి 1962లో వ్యవసాయ వృత్తిపదకోశమును ప్రకటించినది. పిదప మఱికొన్ని వృత్తులకును కోశములు వెలువడినవి. ఊరూర తిరిగి, పనివానినే గురువుగ నెంచి, మాటలను సేకరించిన మహాయజ్ఞమది. పండితులు తమ పని చేసిరి. ఆ మాటలు పుట్టిన యిండ్లవారమైన మనము చేయవలసినది మిగిలియున్నది.

కావున మహాసభవారికి నా విన్నపము ఇది. మన పల్లెలలో బండి కట్టిన వృద్ధులు ఇంకను కొందఱున్నారు. ప్రతి మండలమునుండియు చదువుకొన్న యువకులిద్దఱు అట్టివారి సన్నిధిని కూర్చుండి, బండియొక్క ప్రతి యవయవపు పేరును, దానికి వాడు కఱ్ఱను, దాని కొలతను, చేయు తీరును ఆ పెద్దల నోటి మాటలలోనే వ్రాసికొనవలెను. 'గీర'ను 'చక్రము'గ దిద్దరాదు. పక్కన బొమ్మను గీయవలెను. సంఘమువారు దానిని చిన్న పుస్తకముగ నచ్చువేయింపవలెను. పోషకులు పూనినచో, ఒక పూర్తి బండిని పెద్దల చేత కట్టించి సంఘభవనమున నిలుపవలెను. దేవాలయ ద్వారమునకు వెండి తొడిగించు నుదారులు మనలో కలరు. ఒక బండి ఖర్చు వారికి భారము కానేరదు.

మనము రథకారుల సంతతియని చెప్పుకొనుట తప్పు కాదు. కాని రథము మనకు గ్రంథములు చెప్పిన గౌరవము; బండి మనవారు చెమటోడ్చి సంపాదించిన గౌరవము. మొదటిదానికి వాదము కావలెను, రెండవదానికి సాక్ష్యము చాలును. ఆ సాక్ష్యము నేడు కొందఱు వృద్ధుల నాలుకలపై నున్నది. వచ్చు మహాసభ నాటికి వారిలో నొక్కని మాటలైనను కాగితముపై కెక్కినచో ఈ వ్యాసము సార్థకమగును.

స్వస్తి.